బోటులో రెండో బాటరీ: అవసరమా, అనవసర బరువా?

ఉప్పుటేరు (ముత్తుకూరు):
అన్నలూ, ఒక పంచాయితీ తేల్చండి. మాది 19 అడుగుల ఫైబర్ బోటు, 40 గుర్రాల ఫోర్ స్ట్రోక్ ఇంజను, సెల్ఫ్ స్టార్ట్. వేట వ్యాపారం కాదు. ఆదివారం ఇంటిల్లిపాదీ కృష్ణపట్నం పక్కన క్రీకులో తిరగడానికి, పండుగప్పకి గాలం వేసుకోడానికి. 12 వోల్టుల 65 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బాటరీ ఒక్కటే ఉంది. సెల్ఫు, ఫిష్ ఫైండరు, వీహెచ్ఎఫ్ రేడియో, పాటలు, చేపల ట్యాంకు పంపు, అడుగునీళ్లు తోడే పంపు అన్నీ దాని నెత్తినే. మడచెట్ల పక్కన లంగరేసి మూడు గంటలు కూర్చుని లేచేసరికి సెల్ఫు ఈడుస్తా ఉంది. బాటరీ బాగానే ఉంది, షాపులో లోడు పెట్టి చూపించా. మా బావ అట్టాంటిదే ఇంకోటి తెచ్చి పక్కన కట్టెయ్ అంటాడు. మెకానిక్కేమో రెండోది దండగ అంటాడు. ఎవరి మాట వినాలి?

ఒంగోలు గిత్త:
బావ మాటే రైటు. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్. 65 కాస్తా 130 అవుతుంది. దీనికింత చర్చ ఎందుకు?

డైనమో (నెల్లూరు, ఆటో ఎలక్ట్రీషియన్):
బావ మాట వింటే రెండు బాటరీలూ కలిసే చస్తాయి గిత్తన్నా. అట్టా కట్టేస్తే అవి రెండు బాటరీలు కావు, ఒక పెద్ద బాటరీ. మూడు గంటలకు పడేది ఆరు గంటలకు పడుతుంది, అంతకు మించి ఒరిగేదేం లేదు. ఒకటి పాతది ఒకటి కొత్తది అయితే ఇంకా అన్యాయం. పాతదాంట్లో ఒక సెల్లు షార్టయిందంటే కొత్తది కూడా అందులోకే ఖాళీ అయిపోతుంది. కట్టాలనుకుంటే రెండూ ఒకే రకం, ఒకే సైజు, ఒకే వయసువి కట్టాలి. అయినా నేను కట్టను.

విడగొట్టాలి. ఇప్పుడున్నదాన్ని సెల్ఫుకే వదిలెయ్, దాని మీద ఇంకేదీ వేలాడదీయొద్దు. స్టార్టింగు బాటరీలో ప్లేట్లు పల్చగా, ఎక్కువగా ఉంటాయి. ఒక్క దెబ్బకి వందల ఆంపియర్లు కక్కడానికి చేసిన సరుకది, గంటల తరబడి కొంచెం కొంచెంగా పీకించుకోడానికి కాదు. పాటలకీ పంపులకీ, గంటల తరబడి కరెంటివ్వడానికే చేసిన డీప్ సైకిల్ బాటరీ వేరేగా పెట్టు. మైనస్‌లు రెండూ కలుపు, ప్లస్‌లు మాత్రం స్విచ్చి గుండా రావాలి. ఆఫ్, 1, బోత్, 2 అని ఉండే గుండ్రటి స్విచ్చి దొరుకుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో: ఇంజను తిరుగుతుండగా అది ఆఫ్ మీదకి పోకూడదు. పోతే ఛార్జింగుకి దారి మూసుకుపోయి వోల్టేజి ఎగదన్నుతుంది, ఇంజను కరెంటును బాటరీకి తగ్గట్టు డీసీగా మార్చే రెక్టిఫయరు ఢమాల్.

చేత్తో తిప్పడం మరిచిపోతావనుకుంటే వీఎస్ఆర్ అనే రిలే పెట్టు. వోల్టేజి చూసుకుని అదే కలుపుతుంది, అదే విడగొడుతుంది. ఇంజను స్టార్టయి సుమారు 13.3 దాటగానే రెండిటినీ కలుపుతుంది, 12.8కి దిగితే విడదీస్తుంది. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ.

పాతకాపు:
అందరూ ఎట్టా కట్టాలో చెప్తున్నారే గానీ, ఎందుకు కట్టాలో ఎవరూ అడగడం లేదు. ఆ మెకానిక్ ఎవరోగానీ బుర్రున్నోడు.

లెక్కేద్దాం రండి. ఫైండరు 1 ఆంపియరు. వీహెచ్ఎఫ్ ఊరికే వింటుంటే అర, మాట్లాడితే 5 నుంచి 6, కానీ ఎంతసేపు మాట్లాడతావు? ట్యాంకు పంపు 3. పాటలకు ఆంప్లిఫయరు పెట్టావంటే తక్కువలో తక్కువ 5. మొత్తం తొమ్మిదిన్నర. మూడు గంటలకు 28 ఏహెచ్ పైమాటే. 65లో సగం దాకా లాగేశావు. సెల్ఫు ఈడవక ఏం చేస్తుంది?

ఇప్పుడు పాటలకు దాని బాటరీ దానికే ఉండే బ్లూటూత్ డబ్బా తెచ్చుకో. ట్యాంకు పంపుకి టైమరు పెట్టి ఐదు నిమిషాల్లో ఒక నిమిషమే తిప్పు. తొమ్మిదిన్నర కాస్తా రెండు, రెండుంపావుకి దిగుతుంది. మూడు గంటలు కూర్చున్నా 7 ఏహెచ్ దాటదు. సెల్ఫుకి తెలియను కూడా తెలియదు.

అసలు సంగతి ఇంకోటుంది. రెండో బాటరీని నింపేదెవరు? 40 గుర్రాల ఇంజను ఫుల్లుగా తిరిగితే 15, 20 ఆంపియర్లు ఇస్తుందేమో. క్రీకులో మెల్లగా పోయేటప్పుడు అందులో సగం రావడం కూడా గగనం. నువ్వు పది నిమిషాలు నడిపి లంగరేసే మనిషివి. 8 ఆంపియర్లు వచ్చాయనుకున్నా పది నిమిషాలకి ఒకటిన్నర ఏహెచ్ కూడా లోపలికి పోదు. 28 తీసి ఒకటిన్నర పోస్తే ఒక బాటరీ అయినా ఒకటే, నాలుగైనా ఒకటే. ఎప్పుడూ సగం ఖాళీగా పడున్న లెడ్ బాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి ఏడాది తిరక్కుండానే కాటాకి పోతుంది.

రొయ్యలబాబు:
మా గుంటల కాడ షెడ్డులో 150 ఏహెచ్ ట్యూబులర్ ఇన్వర్టర్ బాటరీ ఖాళీగా ఉంది. అది పెట్టేస్తే పోలా? డీప్ సైకిలే కదా.

డైనమో:
బాబూ, అది యాభై కేజీలు దాటి ఉంటుంది. పోయి వెనకాల ఇంజను పక్కన పెట్టావంటే బోటు వెనక్కి కూర్చుంటుంది. పొడుగు ఎక్కువ, మూతలు బిగువుండవు, అల కొట్టినప్పుడల్లా ఆసిడ్ చిందుతుంది. నిలకడగా ఒకచోట కూర్చుని ఇంటికి కరెంటివ్వడానికి చేసింది అది. ఏరేటర్ల షెడ్డులోనే ఉంచు, సుఖంగా ఉంటుంది. బోటుకి సీలు చేసిన ఏజీఎం రకం అయితే నయం.

పాతకాపన్నా, నీ లెక్కకి దండం, ఒక్క అంకె తప్పు లేదు. టైమరు మాట మాత్రం రోహిణి కార్తెలో చెప్పు, ట్యాంకులో పండుగప్ప తేలాడతా కనపడుతుంది. ఛార్జింగు సంగతీ ఒప్పుకుంటా. ఇంట్లో ఛార్జరు లేకుండా రెండో బాటరీ కొనేవాడు డబ్బులు నీళ్లలో పోసినట్టే.

కానీ రెండోది పాటల కోసం అనుకుంటున్నావు నువ్వు, నేను అనుకోవడం లేదు. క్రీకు మొగ దగ్గర లంగరేశారు అనుకో. పాటు మొదలైంది, నీళ్లు సముద్రంలోకి లాగుతున్నాయి. సెల్ఫు పలకలేదు. ఒకటే బాటరీ అయితే అదే సమయానికి రేడియో కూడా నీరసం, అడుగునీళ్ల పంపు కూడా నీరసం. మూడూ ఒక్కసారే పోతాయి, అదీ నా భయం. ఆ బోటులో పిల్లలుంటారు. ఆపదలో పిలిచే 16వ ఛానల్లో పిలవాలన్నా రేడియోకి కరెంటుండాలి. కోస్టుగార్డు 1554కి ఫోన్ చేద్దామంటే అక్కడ సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

పాతకాపు:
తాడుంది కదయ్యా. పై మూత తీసి ఫ్లైవీలుకి తాడు చుట్టి లాగడమే. మా కాలంలో సెల్ఫు ఎవడికుండేది?

పాకల తీరం (సింగరాయకొండ):
మీ కాలంలో ఇంజను 8, 10 గుర్రాలు సామీ. 40 గుర్రాలది ఊగే బోటులో నిలబడి లాగితే భుజం జారుద్ది. ఇంజెక్షను ఇంజన్లలో కొన్ని బాటరీ పూర్తిగా చచ్చిందంటే తాడుకి కూడా పలకవు. కొనేటప్పుడు మాన్యువల్ చూసుకోవాల్సిన విషయం ఇది. తాడుకంటే చేతిలో పట్టే లిథియం జంప్ స్టార్టరు నయం, రెండో బాటరీలో కొంత రేటుకే వస్తుంది. దాన్నీ ఎండలో డబ్బాలో పడేసి మరిచిపోతే అవసరానికి ఖాళీగా ఉంటుంది, అది వేరే సంగతి.

ఒంగోలు గిత్త:
లిథియం అంటే గుర్తొచ్చింది. 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేటు పన్నెండు కేజీలే అంటున్నారు. బరువు గొడవే లేదు. అదెందుకు చెప్పరు?

డైనమో:
చెప్తా. మంచి సరుకే. లెడ్‌లో సగం వాడితే చాలించాలి, దీంట్లో 80 శాతం దాకా హాయిగా వాడుకోవచ్చు. కానీ లెడ్ స్టార్టింగు బాటరీకి వీఎస్ఆర్‌తో కలపొద్దు. ఇది ఎంత కరెంటిస్తే అంత మింగుతుంది, చిన్న ఇంజను ఛార్జింగు కాయిలు వేడెక్కి మాడుతుంది. లోపల బాటరీని కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూటు ఉన్నట్టుండి కట్ చేసిందంటే మళ్లీ రెక్టిఫయరు కథే. మధ్యలో కరెంటును అదుపులో పెట్టి పంపే డీసీ టు డీసీ ఛార్జరు పెట్టాలి, అదింకో ఖర్చు. సెల్ఫుకి మాత్రం క్రాంకింగుకని రాసున్నది తప్ప మామూలు లిథియం వాడొద్దు.

ఏది పెట్టినా సరే, ఈ నాలుగు ముక్కలు వినండి. అమెరికా బోటు వైరింగు ప్రమాణం ఏబీవైసీ ఈ-11 ప్రకారం బాటరీ నుంచి బయటికొచ్చే ప్రతి ప్లస్ వైరుకీ 7 అంగుళాల లోపే ఫ్యూజు ఉండాలి. సెల్ఫు కేబులుకి మినహాయింపు ఉంది, బాటరీ నుంచి పొడవునా గొట్టంలోనో తొడుగులోనో పోయే వైరుకైతే 72 అంగుళాల దాకా సడలింపు. కారు వైరు వద్దు, తగరం పూత పూసిన రాగి వైరే వాడాలి. మామూలు రాగి మన ఉప్పుగాలికి లోపల్లోపలే పచ్చబడి పొడైపోతుంది, పైన తొడుగు చూస్తే కొత్తదిలాగే ఉంటుంది. నీళ్లు పెరగ్గానే అడుగునీళ్ల పంపును దానంతటదే తిప్పే ఫ్లోటు స్విచ్చిని మెయిన్ స్విచ్చికి కాకుండా తిన్నగా బాటరీకి ఫ్యూజుతో కట్టు. అన్నీ ఆఫ్ చేసి ఇంటికి పోయాక వాన పడితే బోటును కాపాడేది అదొక్కటే. లెడ్ బాటరీ ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజను వస్తుంది కాబట్టి పెట్రోలు ట్యాంకు ఉన్న అరలో పెట్టి మూసెయ్యొద్దు.

పాకల తీరం:
ఇంకోటి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా. మన సరదా బోట్లు కూడా ఆ 61 రోజులు చాలావరకు గట్టునే ఉంటాయి, అవేమో మండే ఎండలు. వేడికి లెడ్ బాటరీ ఊరికే కూర్చున్నా దిగిపోతుంది. వైర్లు ఊడదీసి నీడలో పెట్టి, నెలకోసారి మీటరు పెట్టి చూడాలి. కదలకుండా ఉన్నప్పుడు 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4కి వచ్చిందంటే ఛార్జింగు పెట్టెయ్యాలి, 12.2 అంటే సగమే. రెండు బాటరీలంటే ఈ చాకిరీ రెండింతలు. ఓపిక లేనోడు ఒకదాంతోనే ఉండటం మేలు.

ఉప్పుటేరు:
చానా థ్యాంక్సన్నా అందరికీ. బావకి చూపించా, ముఖం మాడ్చుకున్నాడు. ఇట్టా అనుకుంటున్నా: ఇప్పుడున్నది సెల్ఫుకి, కొత్తగా 75 ఏహెచ్ ఏజీఎం మిగతా వాటికి. అది ముందు సీటు కింద, బరువు వెనక పడకుండా. వీఎస్ఆర్ కాకుండా చేతి స్విచ్చి. రెండిటికీ ఒకేసారి పెట్టే 10 ఆంపియర్ల ఛార్జరు ఇంట్లో.

డైనమో:
వీఎస్ఆర్ పెట్టు అబ్బయ్యా. పిల్లలు నీళ్లలో చేతులు పెడతా ఉంటే స్విచ్చి ఎవరికి గుర్తుంటుంది?

పాతకాపు:
ఆ ఛార్జరు ముందు కొను. బాటరీ తర్వాత. పాటలు బ్లూటూత్ డబ్బాకి మార్చి, ప్రతి ఆదివారానికీ ముందు రాత్రి ఛార్జింగు పెట్టి ఒక నెల తిప్పు. అప్పటికీ సెల్ఫు ఈడిస్తే నీ ఏజీఎం నేనే మోసుకొచ్చి పెడతా.

డైనమో:
మోసేటప్పుడు నాకు చెప్పన్నా, కేబులు చివర్లకి బిగించే లగ్గులు నేను నొక్కుతా. ఉప్పుటేరూ, సెల్ఫు లైనుకి 25 స్క్వేర్ ఎంఎం కంటే సన్న కేబులు మాత్రం కొనమాక.