11 అడుగుల గోడకి ఏ స్క్రీన్ వేయాలి? నాన్నకి పగలు క్రికెట్, మాకు రాత్రి సినిమా

కోట_జంక్షన్:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం, కోట దగ్గరే. మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది, దాన్ని హోమ్ థియేటర్ చేద్దామని ఏడాదిగా అనుకుంటున్నాం. ఈసారి పైడితల్లమ్మ పండక్కి అక్కా బావా పిల్లలతో వస్తున్నారు, సిరిమాను చూసొచ్చి రాత్రికి అందరం కలిసి ఒక సినిమా చూడాలన్నది నా కోరిక. ప్రొజెక్టర్ కొనేశాను. 1080పి, ల్యాంప్ రకం, బాక్సు మీద వెలుగు 2200 ల్యూమెన్స్ అని ఉంది, త్రో రేషియో (బొమ్మ వెడల్పుకి ప్రొజెక్టర్ ఎన్ని రెట్ల దూరంలో ఉండాలో) 1.5. ఇప్పుడు స్క్రీన్ దగ్గర ఆగిపోయాను.

గది 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, ఎత్తు 10. స్క్రీన్ వచ్చేది 11 అడుగుల గోడకి. సోఫా దానికి 12 అడుగుల దూరంలో ఉంటుంది, సోఫాకి కుడిపక్కన గోడ వెంట ఒక దివాన్ వేద్దామనుకుంటున్నాం. గోడలు తెలుపు, కింద తెల్ల టైల్స్, మధ్యలో సీలింగ్ ఫ్యాన్. కిటికీలు రెండు, ఒకటి పక్కన చిన్నది, ఇంకోటి మేం కూర్చునే చోటుకి వెనకాల పడమటి వైపు పెద్దది. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ తిన్నగా లోపలికి వస్తుంది.

స్క్రీన్‌కి 25 వేల వరకు పెట్టగలను. అడిగిన షాపులో 150 అంగుళాల మోటార్ స్క్రీన్ తీసుకోమన్నారు, గెయిన్ 2.8 అట, గెయిన్ ఎంత ఎక్కువైతే బొమ్మ అంత వెలుగుగా వస్తుందన్నారు. అడ్వాన్స్ ఇవ్వబోయి ఎందుకో ఆగాను. నాన్నగారు పగలు క్రికెట్ చూస్తారు, అది కూడా బాగా కనపడాలి. 100 చాలా, 120 వేయాలా? తెలుపా, గ్రేనా? గది వెలుగుని తట్టుకునే ఏఎల్ఆర్ తెర అంటున్నారు, అది అవసరమా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నాగావళి_ఒడ్డు:
తమ్ముడూ, అడ్వాన్స్ ఇవ్వకపోవడం చాలా మంచి పని. అంగుళాలంటే మూల నుంచి మూలకి కొలత. 16:9లో, అంటే మామూలు టీవీ ఆకారంలో, 150 అంటే తెర వెడల్పే దాదాపు 131 అంగుళాలు. మీ గోడ 11 అడుగులు, అంటే 132. మోటార్ తెర చుట్టుకునే కేసు తెర కన్నా పొడవుంటుంది, అది ఆ గోడకి పట్టనే పట్టదు. గది కొలత అడక్కుండా సైజు చెప్పేవాళ్ళ దగ్గర ఏదీ కొనకండి.

మాది శ్రీకాకుళం. మా ఇంట్లో తెర కొనడానికి ముందు రెండు నెలలు గోడ మీదే చూశాం, నీకూ అదే చెప్తాను. గోడకి పుట్టీ పెట్టి నున్నగా ఉందా? ఉంటే ప్రొజెక్టర్‌ని తాత్కాలికంగా ఒక బల్ల మీద పెట్టి, 100 అంగుళాల బొమ్మ పడేలా సర్దుకుని, అంచుల వెంట మాస్కింగ్ టేప్ అతికించు. అంటే 87 అంగుళాల వెడల్పు, 49 ఎత్తు. వారం రోజులు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చూడండి. తర్వాత ప్రొజెక్టర్ వెనక్కి జరిపి 120 చేయి, అది 104.5 వెడల్పు, 59 ఎత్తు. మెడ తిప్పాల్సి వస్తోందా, పెద్దవాళ్ళకి కళ్ళు లాగుతున్నాయా అన్నది ఏ వెబ్‌సైటూ చెప్పదు, మీ అమ్మగారే చెప్తారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మధ్యాహ్నం మూడున్నరకి, నాన్నగారు క్రికెట్ చూసే వేళకి, ప్రొజెక్టర్ ఆపేసి ఆ గోడని చూడు. ఆ క్షణాన గోడ ఏ రంగులో కనిపిస్తుందో అదే నీ తెర మీద నలుపు. ప్రొజెక్టర్ వెలుగునైతే వేయగలదు గానీ చీకటిని వేయలేదు. మా ఇంట్లో నేను ఆ పరీక్ష చేసినప్పుడు గోడ పలక తుడిచాక ఉండే బూడిద రంగులో ఉంది, సినిమాలో రాత్రి సీను వస్తే హీరో జుట్టూ వెనక ఆకాశమూ ఒకటే రంగు. డబ్బు ముందు కర్టెన్ల మీద పెట్టాలని అప్పుడే అర్థమైంది. తెర సంగతి ఆ తర్వాత.

బొబ్బిలి_వీణ:
గెయిన్ గురించి షాపులో చెప్పింది సగమే నిజం అండి. తెర తనంతట తాను వెలుగుని పుట్టించదు. ప్రామాణికమైన ఒక తెల్లటి మ్యాట్ పలక వెలుగుని ఎంత తిరిగి పంపుతుందో దాన్ని 1.0 అనుకుని, దానితో పోల్చి తెరకి గెయిన్ చెప్తారు, అదీ తెరకి ఎదురుగా నిలబడి కొలిచిన లెక్క. 2.8 అంటే అన్ని వైపులా పోవాల్సిన వెలుగుని తీసుకొచ్చి మధ్యలోకి పోగుచేసింది అని అర్థం. నడిమిన కూర్చున్నవాళ్ళకి కళ్ళు జిగేల్‌మంటాయి, తెర మధ్యలో ఒక వెలుగు మచ్చ కనిపిస్తుంది, మీరు గోడ వెంట వేద్దామనుకుంటున్న దివాన్ మీద కూర్చునేవాళ్ళకి మాత్రం బొమ్మ వెలవెలబోతుంది. పండక్కి వచ్చిన పిల్లలంతా ఆ దివాన్ మీదే కదా కూర్చునేది!

లెక్క కూడా చూద్దాం. మీ ప్రొజెక్టర్ బాక్సు మీది 2200 అన్నది అన్నిటికన్నా వెలుగైన మోడ్‌లో, ఆ మోడ్‌లో రంగులు ఆకుపచ్చగా కొడతాయి. సినిమా మోడ్‌లో సగానికి, 1100కి వస్తుందనుకోండి. 100 అంగుళాల తెర వైశాల్యం దాదాపు 30 చదరపు అడుగులు. 1100ని 30తో భాగిస్తే 37 ఫుట్‌ల్యాంబర్ట్‌లు (తెర మీది వెలుగుకి కొలత), గెయిన్ 1.0 తెర మీద. డిజిటల్ సినిమా హాళ్ళకి పెట్టుకున్న ప్రమాణం 14. ల్యాంప్ లైఫ్ అని రాసే గంటలు సాధారణంగా వెలుగు సగానికి పడిపోయే వరకు, అంటే ల్యాంప్ ముసలిదయ్యాక కూడా మీకు 18 దాకా ఉంటుంది. 120 వేస్తే వైశాల్యం 43 చదరపు అడుగులు, ఇప్పుడు 25, ల్యాంప్ పాతబడ్డాక 13. చీకటి గదిలో 100 అంగుళాలకి గెయిన్ 1.0 ఉన్న మ్యాట్ తెలుపు మీకు పుష్కలంగా సరిపోతుంది.

దూరం లెక్క చూసినా 100 సరిపోతుంది. 12 అడుగుల నుంచి చూస్తే 100 అంగుళాల తెర మన చూపులో సుమారు 34 డిగ్రీలు ఆక్రమిస్తుంది, 120 అయితే 40. రెండూ హోమ్ థియేటర్‌కి చెప్పే పరిధిలోవే. కానీ 120 తెరకి ఫ్రేమ్ కలిపితే తొమ్మిది అడుగులు దాటుతుంది, మిగిలిన రెండడుగుల లోపులో స్పీకర్లు గోడ మూలలకి నొక్కుకుపోతాయి, అప్పుడు బేస్ మోత మోతగా వస్తుంది. సంగీతం వినేవాడిగా అది నేను ఒప్పుకోలేను.

పలాస_బాబు:
మోటార్ స్క్రీన్ గురించి నా అనుభవం చెప్తాను, ఎందుకంటే నేను ఆ తప్పు చేశాను. ట్యాబ్ టెన్షన్ (తెరని రెండు పక్కలా లాగి బిగించే ఏర్పాటు) లేని మామూలు మోటార్ తెర తీసుకున్నాను, మొదటి మూడు నెలలు అద్దంలా ఉంది. మా వైపు సముద్రం గాలి, తేమ, ఒకసారి చుట్టుకుని ఒకసారి విప్పుకుని తెర అంచులు లోపలికి ముడుచుకోవడం మొదలైంది, ఆపైన నిలువునా అలలు. సినిమాలో అంత తెలియదు. క్రికెట్‌లో కెమెరా బంతి వెంట పక్కకి తిరుగుతుంది చూడండి, అప్పుడు బౌండరీ తాడు తెరకి ఎడమ చివర నిటారుగా ఉండి, అల దగ్గరకి వచ్చేసరికి పాములా వంగి, మళ్ళీ నిటారు అయ్యేది. ఒకసారి కంటపడ్డాక ఇంక మ్యాచ్ చూడలేం, ఆ తాడే చూస్తాం.

దానికి తోడు సీలింగ్ ఫ్యాన్. ఫ్యాన్ నాలుగులో పెడితే వేలాడే తెర మెల్లగా ఊగుతుంది. మన ఊళ్ళో ఫ్యాన్ లేకుండా ఎవరు కూర్చుంటారు? ఇప్పుడు ఫిక్స్‌డ్ ఫ్రేమ్ వేశాను, అల్యూమినియం ఫ్రేమ్, వెనకాల స్ప్రింగులతో నాలుగు వైపులా బిగించేది, చుట్టూ నల్ల వెల్వెట్ అంచు. రెండేళ్ళయింది, తప్పెట మీద చర్మంలా బిగుతుగా ఉంది. నీ గది ప్రత్యేకంగా దీనికే కాబట్టి తెర పైకి చుట్టుకోవాల్సిన పనే లేదు, ఫిక్స్‌డ్ తీసుకో. ధర కూడా మంచి మోటార్ తెర కన్నా తక్కువే పడుతుంది.

ఒక జాగ్రత్త, బల్లులు. ఫ్రేమ్‌కీ గోడకీ మధ్య సందులో చేరతాయి, తెర మీద మరక పడితే వెంటనే తడి మెత్తని గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు, ఇంట్లో గాజు తుడిచే ద్రావణాలు అస్సలు వాడకూడదు. చూడని రోజుల్లో మేం పాత దుప్పటి కప్పి ఉంచుతాం.

కోట_జంక్షన్:
అన్నా, బొబ్బిలి గారూ, పలాస బాబు గారూ, చాలా చాలా థాంక్స్. నిన్న సాయంత్రం టేప్ అతికించి చూశాం. 120 వేస్తే అమ్మ "ముందు సీట్లో కూర్చున్నట్టుంది రా, తల తిరుగుతోంది" అంది. కాబట్టి 100 ఖాయం. మూడున్నరకి గోడ చూశాను, అన్న చెప్పినట్టే అది తెల్లగా మెరుస్తోంది, బూడిద రంగు కూడా కాదు. రెండు సందేహాలు మిగిలాయి. పగలు క్రికెట్ కోసం ఏఎల్ఆర్ తెరకి ఇంకో పదిహేను వేలు అప్పు చేసైనా పెట్టాలా? లేదా గ్రే తెర చాలా? ఇంకోటి, పొందూరు ఖద్దరు తాను ఒకటి ఇంట్లో ఉంది, దాన్ని ఫ్రేమ్‌కి బిగిస్తే పనికొస్తుందా అని మా బావ అడిగాడు.

రాజాం_మాస్టారు:
బాబూ, అప్పు చేయొద్దు. ఏఎల్ఆర్ అంటే గదిలోని వెలుగుని తిప్పికొట్టే తెర, నిజమే, కానీ ఏ వైపు నుంచి వచ్చే వెలుగుని అన్నది చూడాలి. మామూలు ప్రొజెక్టర్‌కి వాడే ఏఎల్ఆర్ తెర తన ఎదురుగా నుంచి వచ్చిన వెలుగుని మన వైపు పంపి, పై నుంచీ పక్కల నుంచీ ఏటవాలుగా వచ్చేదాన్ని వేరే దిక్కుకి మళ్ళిస్తుంది. నీ పెద్ద కిటికీ ఎక్కడుంది? సోఫా వెనకాల, తెరకి సూటిగా ఎదురుగా. అంటే ఎండ కూడా ప్రొజెక్టర్ వచ్చే దిక్కు నుంచే వస్తుంది, ఆ రెంటికీ తేడా తెరకి తెలియదు. నువ్వు వేలకి వేలు పోసినా ఆ కిటికీ ముందు అది చేసేది స్వల్పం. పైగా ఏఎల్ఆర్‌లో కొన్నిటికి పక్క నుంచి చూస్తే వెలుగు తగ్గుతుంది, తెల్లటి సీన్లలో సన్నని మెరుపు రవ్వలు కనిపిస్తాయి.

ఆన్‌లైన్‌లో ఇంకో రకం చవగ్గా దొరికితే మోసపోకు. గోడ కింద బల్ల మీద పెట్టే అల్ట్రా షార్ట్ త్రో ప్రొజెక్టర్ల కోసం ప్రత్యేకంగా సన్నని గాడులు గాడులుగా చేసిన తెరలుంటాయి. అవి కింది నుంచి వచ్చే వెలుగుని మాత్రమే మన వైపు పంపి, పై నుంచి వచ్చేదాన్ని మింగేస్తాయి. నీ ప్రొజెక్టర్ సీలింగ్‌కి వేలాడదీస్తావు కదా, దాని వెలుగునే మింగేస్తే ఇంకేం మిగులుతుంది?

గ్రే గురించి. మామూలు గ్రే తెర నలుపుని దించుతుంది, దానితో పాటే తెలుపుని కూడా దించుతుంది. బయటి ఎండని ప్రొజెక్టర్ వెలుగు నుంచి వేరు చేసే శక్తి దానికి లేదు. తెల్ల గోడల మీద పడి తిరిగొచ్చే వెలుగుని కాస్త తగ్గిస్తుంది, అంతవరకు మేలే. కానీ ఆ పని రంగుతో ఇంకా బాగా, ఇంకా చవగ్గా అవుతుంది. తెర ఉన్న గోడకీ, సీలింగ్‌లో తెరకి దగ్గరి నాలుగడుగులకీ ముదురు రంగు మ్యాట్ పెయింట్ వేయించు, మెరిసే ఎనామిల్ మాత్రం వద్దు. కింద తెల్ల టైల్స్ మీద ఒక ముదురు తివాచీ. పడమటి కిటికీకి బ్లాకౌట్ లైనింగ్ ఉన్న మందపాటి కర్టెన్, కిటికీ కన్నా రెండు వైపులా అడుగు చొప్పున ఎక్కువ వెడల్పుతో, పైన సందు లేకుండా. అప్పుడు మధ్యాహ్నం కూడా ప్రొజెక్టర్‌ని వెలుగు మోడ్‌లో పెడితే నాన్నగారికి స్కోరు, బంతి అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి.

పొందూరు ఖద్దరు మన ప్రాంతం గర్వం, కానీ తెరకి పనికిరాదు. ఎంత సన్నగా నేశారో అంత వెలుగు దాని గుండా వెనక్కి వెళ్ళిపోతుంది, నేత సందులు కూడా బొమ్మలో కనిపిస్తాయి. దాన్ని బావగారికి చొక్కా కుట్టించు.

బొబ్బిలి_వీణ:
మాస్టారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. మన సినిమాలు ఎక్కువగా స్కోప్‌లో, అంటే దాదాపు 2.39:1లో ఉంటాయి, మీ 16:9 తెర మీద పైనా కిందా ఖాళీ పట్టీలు వస్తాయి. అది చూసి స్కోప్ తెర కొనాలేమో అని కంగారు పడకండి, అప్పుడు క్రికెట్‌కి పక్కల ఖాళీ వచ్చి నాన్నగారి బొమ్మ చిన్నదవుతుంది. థర్మోకోల్ పట్టీలకి నల్ల వెల్వెట్ అతికించి, సినిమా వేసినప్పుడు పైనా కిందా ఆరేసి అంగుళాలు మూసేయండి. చేసి చూడండి, నలుపు ఒక్కసారిగా చిక్కబడినట్టు అనిపిస్తుంది.

నాగావళి_ఒడ్డు:
ఫ్యాన్ సంగతి మర్చిపోకు తమ్ముడూ. త్రో 1.5 అంటే 100 అంగుళాలకి ప్రొజెక్టర్ తెర నుంచి 11 అడుగుల దగ్గర వస్తుంది, నీ ఫ్యాన్ 8 అడుగుల దగ్గర ఉంది, రెక్కల నీడ బొమ్మ మీద పడే అవకాశం ఉంది. డ్రిల్ చేసే ముందు ప్రొజెక్టర్‌ని ఆ ఎత్తులో ఎవరి చేతనైనా పట్టించి, ఫ్యాన్ వేసి చూడు. అడ్డొస్తే పక్క గోడలకి రెండు వాల్ ఫ్యాన్లు పెట్టుకో.

కోట_జంక్షన్:
చూశాం అన్నా, బావమరిది నిచ్చెన మీద పది నిమిషాలు పట్టుకున్నాడు. బొమ్మ పై అంచు మీద రెక్కల నీడ కొట్టుకుంటోంది, కాబట్టి వాల్ ఫ్యాన్లకే వెళ్తున్నాం. 100 అంగుళాలు, 16:9, ఫిక్స్‌డ్ ఫ్రేమ్, మ్యాట్ తెలుపు, గెయిన్ 1.0 ఆర్డర్ పెట్టేశాను. 25 వేలలో మిగిలిన డబ్బు కర్టెన్‌కి, పెయింట్‌కి. ఆదివారం కర్టెన్ కొలతకి మనిషి వస్తానన్నాడు. తెర వచ్చాక మధ్యాహ్నం మూడున్నరకి ఒకటి, రాత్రి ఒకటి ఫోటోలు తీసి ఇక్కడే పెడతాను, మాస్టారూ మీరు తప్పకుండా చూసి చెప్పాలి.