‘కాంతి కోత’ అనవచ్చునా?

నెల్లూరులో డిగ్రీ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. సౌరఘటాల్లో లోహపు నానో కణాల వాడకం గురించి తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. వెలుగును పట్టి విద్యుత్తుగానో రసాయన శక్తిగానో మార్చే వాటిని ఇంగ్లిషులో ‘లైట్ హార్వెస్టింగ్’ పదార్థాలంటారు, నేను ‘కాంతి కోత పదార్థాలు’ అని పేరు పెట్టాను. వరికోత ఉండగా కాంతి కోత ఎందుకు ఉండకూడదని నా ధీమా. ఇందుకూరుపేట దగ్గర సేద్యం చేసిన మా అమ్మ ఆ కాగితం చూసి, ‘మళ్లీ కరెంటు తీసేస్తారా?’ అని అడిగింది. ఇప్పుడు ఏం రాయమంటారు?

ఒంగోలు నుంచి ఒక సభ్యురాలు:
గెలుపు అమ్మగారిదే. కరెంటు కోత, జీతంలో కోత, తీరం కోత... ముందు పైరు పేరు లేకపోతే ‘కోత’ అనగానే మనకు తోచేది నష్టమే. వాన నీటి విషయంలో పత్రికలు ఈ చిక్కును ఎప్పుడో దాటేశాయి, ‘ఒడిసిపట్టాలి’ అని రాస్తాయి. కాంతినీ ఒడిసిపట్టండి మాస్టారూ. జారిపోయేదాన్ని చటుక్కున అందుకోవడం ఆ మాటలోనే ఉంది.

కనపర్తి వైపు నుంచి:
మా ఉప్పు మడుల్లో పనంతా ఎండదే. అయినా ఉప్పును ఎవరూ కోయరు. పండుతుంది, తీస్తారు.

కావలి నుంచి:
మాట సరే. అసలు ఒడిసిపట్టేది ఎవరు సార్? బంగారు కణమా, దాని పక్కనున్న పదార్థమా?

నేను:
అడగవలసిన ప్రశ్నే. బంగారు లవణాన్ని సిట్రేటుతో మరిగిస్తే సీసాలో దానిమ్మ రసం రంగు నీరు తయారవుతుంది. అందులో కణం సుమారు 20 నానోమీటర్లు. వెలుగు తగిలినప్పుడు దానిలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగుతాయి, ఆ ఊపే ప్లాస్మాన్. 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగు ఊపూ ఎలక్ట్రాన్ల ఊపూ ఒక్కటై, అంటే అనునాదం కుదిరి, ఆకుపచ్చ వెలుగు అక్కడే ఖర్చవుతుంది, మన కంటికి ఎరుపు మిగులుతుంది. కొంచెం ఉప్పునీరు పోస్తే కణాలు గుమిగూడి, చూస్తుండగానే సీసా నీలంగా మారుతుంది. (కనపర్తి వారు గమనించాలి!) ఉప్పు చేసే ఈ పనిని ఫారడే 1857లోనే రాసిపెట్టాడు.

అలా ఊగే కణం అంచున కాంతి క్షేత్రం చిక్కబడుతుంది. పక్కనున్న రంగు అణువో సిలికాన్ లాంటి అర్ధవాహకమో అక్కడ మామూలు కంటే ఎక్కువ వెలుగు తాగుతుంది. కణం పెద్దదైతే వెలుగును పక్కలకు చెదరగొట్టి, పలచని సిలికాన్ పొరలో దాని దారిని పొడిగిస్తుంది. ఈ రెండింట్లో నూర్చే మర పక్కనున్న పదార్థానిది, పనలు అందించే చేయి మాత్రమే బంగారానిది. కణంలో శక్తి పుంజుకున్న ఎలక్ట్రాన్ పక్కనున్న టైటానియం డయాక్సైడ్ అనే అర్ధవాహకంలోకి దూకితే మాత్రం ఒడిసిపట్టింది బంగారమే.

కావలి సభ్యుడే మళ్లీ:
మరి ఆ చేయి మధ్యలో కొంత మింగేయదా?

నేను:
మింగుతుంది, కొంత వెలుగు లోహంలోనే వేడిగా పోతుంది. రంగు అణువు లోహానికి మరీ ఆనుకుంటే పట్టిన శక్తిని కూడా లోహమే లాక్కుంటుంది. అందుకే మధ్యలో సిలికా పూత వేస్తారు. ఆ వేడిని పాఠంలో ‘శోషణ నష్టం’ అని రాశాను, నాకే నచ్చలేదు.

నెల్లూరు నుంచి, నగల పని చేసే ఇంటి సభ్యుడు:
దానికి మాట ఎప్పటినుంచో ఉంది కదా మాస్టారూ, తరుగు. నగ చేస్తుంటే రజనుగా, ఆకురాయి పొడిగా పోయేది అదే. ధాన్యం తూకంలో తేమకు కోసేదీ తరుగే. కొలత ఉన్న నష్టం అది, ముందే లెక్క వేసుకుంటాం.

నేను:
పాఠంలోకి ఎక్కించాను. ‘కాంతిని ఒడిసిపట్టే పదార్థాలు’, ‘లోహపు తరుగు’. అనునాదం, ప్లాస్మాన్ అలాగే ఉంటాయి. అమ్మకు మళ్లీ చూపించాను. ‘తరుగు ఎంత పట్టారు?’ అని అడిగింది.