పర్యావరణానికి వేరే సబ్జెక్టు కావాలా, ముందు టీచర్లకు శిక్షణ కావాలా?

మునుగోడు సైన్స్ సార్:
మొన్న స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే చోట, మాటామాటా పెరిగింది, ఏదీ తేలకుండానే టైమ్ అయిపోయింది, అందుకే ఇక్కడ పెడుతున్నా. హైస్కూల్లో పర్యావరణానికి వేరే పీరియడ్, వేరే పరీక్ష, మార్కులు ఉంటే తప్ప పిల్లలకు ఎక్కదని సగం మంది అన్నారు. నేను ఒప్పుకోలేదు. చెప్పే మనిషికి తాను పనిచేసే ఊరి నీళ్ల గురించి, నేల గురించి తెలియకపోతే అది ఇంకో బట్టీ సబ్జెక్టు అవుతుంది, అంతే.

ఉద్యోగంలో చేరి పదకొండేళ్లు. ట్రైనింగ్‌లో పర్యావరణం మాట వచ్చిన ప్రతిసారీ ఓజోన్ పొర, కరిగే మంచు, తెల్ల ఎలుగుబంటి, ఇవే స్లైడ్లు. ఒకసారి రెండు రోజుల శిక్షణ నల్లగొండలోనే జరిగింది. ఆ హాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి గార పట్టిన పళ్లతో కూర్చున్న టీచర్లు ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకడిని. ఫ్లోరైడ్ అన్న మాట రెండు రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటుంది, నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు తయారు చేశారు, దాని పేరే నల్గొండ టెక్నిక్. టాంజానియా, కెన్యాల్లో కూడా దాన్ని వాడి చూశారు. మన పదో తరగతి పిల్లల్లో ఎంతమందికి తెలుసో రేపు మీ క్లాసులో అడిగి చూడండి.

దేవరకొండ బయాలజీ:
సార్, మీ బాధ నిజం, కానీ ఈ ఆలోచన మనల్ని మళ్లీ అక్కడికే తీసుకుపోతుంది. పర్యావరణం తప్పనిసరిగా నేర్పాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది, న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన కేసులో. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం దాన్ని అన్ని సబ్జెక్టుల్లో కలిపి చెప్పమంది. వినడానికి బాగుంది. బడిలో ఏమైంది? సోషల్ సార్ అది సైన్స్ వాళ్ల పని అంటాడు, సైన్స్ వాళ్లకు సిలబస్ పూర్తి కాదు, పదిమంది చేతిలో పడ్డ పాము చావదన్నట్టు తయారైంది. జనవరి వచ్చిందంటే పదో తరగతికి స్పెషల్ క్లాసులు, అప్పుడు టైమ్ టేబుల్లో లేని దాన్ని ఎవరు చెప్తారు? నేను చెప్పలేదు, చెప్పలేకపోయాను, అందుకే అడుగుతున్నా. ఒక పీరియడ్ రాసి ఉంటే దాన్ని కాపాడుకోవడానికి నాకు ఒక ఆధారం దొరుకుతుంది.

పాలమూరు అమ్మ:
నేను టీచర్ని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని. మా బాబు ఎనిమిదో తరగతి. పోయిన ఏడాది ప్రాజెక్టు వర్క్ అంటే రాత్రి తొమ్మిదింటికి నన్ను జిరాక్స్ షాపుకు పట్టుకుపోయాడు, అమెజాన్ అడవుల మీద బొమ్మలు ప్రింట్ తీయించి చార్టుకు అతికించాం, మార్కులు వచ్చాయి. మా ఇంటికి దగ్గర్లోనే పిల్లలమర్రి ఉంది. దాదాపు ఏడు వందల ఏళ్ల మర్రిచెట్టు అంటారు. 2017 చివర్లో పెద్ద కొమ్మ కూలితే సందర్శకుల్ని ఆపేశారు, చెదలు తినేస్తుంటే 2018లో మనుషులకు ఎక్కించినట్టు సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించారు. మా బాబుకు ఇదేమీ తెలియదు. చెప్పాక వాడే అడిగాడు, ఊడలు నేలకు దిగకపోతే కొమ్మ బరువు ఎవరు మోస్తారమ్మా అని. ఆ ప్రశ్నకు మార్కులు ఎక్కడ వేస్తారు మేడమ్? పరీక్ష పెడితే మళ్లీ గైడ్లు, మళ్లీ బిట్లు. మా పాపకు ఆరో తరగతిలోనూ భాగాహారం సరిగా రావట్లేదు, ఆ టెన్షన్ చాలదా?

మునుగోడు సైన్స్ సార్:
అమ్మా, పోయిన ఏడాది నా తొమ్మిదో తరగతితో చేసింది చెప్తాను. ప్రతి పిల్లాడూ రెండు సీసాలు తెచ్చాడు, ఒకటి ఇంటి నల్లా నీళ్లు, ఒకటి చేను దగ్గర బోరు నీళ్లు. ఫీల్డ్ కిట్‌లోని మందు వేస్తే ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్లు గులాబీ రంగులో ఉంటాయి, ఎక్కువయ్యే కొద్దీ పసుపుకు తిరుగుతాయి. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు గులాబీగా నిలిచాయి. బత్తాయి తోట బోరు నీళ్లు తెచ్చిన అమ్మాయి సీసా కళ్ల ముందే పసుపైంది. క్లాసంతా నిశ్శబ్దం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని అప్పుడు బోర్డు మీద రాస్తే ఎవరూ బట్టీ పట్టలేదు, అందరికీ గుర్తుంది. "సార్, పత్తి ఏరేటప్పుడు అందరం ఆ నీళ్లే తాగుతం" అంది ఆ అమ్మాయి. ఇంటికి నల్లా వచ్చింది కాబట్టి సమస్య తీరిందని నేనూ అనుకున్నాను, చేలో తాగే నీళ్ల సంగతి నాకు తట్టనే లేదు. మర్నాటి నుంచి వాళ్ల నాన్న చేనుకు ఇంటి నుంచే క్యాన్‌లో నీళ్లు తీసుకుపోతున్నాడు.

ఇది నాకు ఏ శిక్షణలోనూ నేర్పలేదు. నీళ్ల ల్యాబ్‌లో పనిచేసే ఒకాయన గంటసేపు కూర్చోబెట్టి చూపించాడు. ఆ గంటే శిక్షణలో పెట్టమంటున్నా.

రిటైర్డ్ హెచ్ఎం, నాగర్‌కర్నూల్:
ఇద్దరూ ఒక సంగతి మర్చిపోతున్నారు. బదిలీలు. ఊరి సంగతి బాగా తెలిసిన టీచర్ వెళ్లిపోతే ఆ తెలివంతా ఆయనతోనే పోతుంది. మా రోజుల్లో నేను పిల్లల్ని చెరువు కట్ట మీదికి తీసుకెళ్లి నీరటి చేత, అంటే చెరువు నీళ్లు వదిలే మనిషి చేత, పాఠం చెప్పించేవాణ్ణి. తూము ఎప్పుడు ఎత్తాలి, చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింద ఏ చెరువుకు చేరతాయి, గొలుసులో ఒక చెరువు శిఖం (నీళ్లు నిలిచే నేల) కబ్జా అయితే కిందివాటికి ఏమవుతుంది, అన్నీ ఆయనే చెప్పేవాడు. నేను బదిలీ అయ్యాక అది ఆగిపోయింది, రాసి పెట్టకపోవడం నా తప్పు. బడికో రిజిస్టర్ ఉండాలి. చెరువులు, బోర్ల లోతు, ఏ పంట వేస్తున్నారు, వరి కొయ్యలు ఎక్కడ కాలుస్తున్నారు, ఏ ఏడు ఏ బావి ఎండింది, అన్నీ పిల్లలే రాయాలి. కొత్తగా వచ్చిన టీచర్‌కు మొదటి శిక్షణ ఆ రిజిస్టరే.

దేవరకొండ బయాలజీ:
సార్, రిజిస్టర్ మాట నచ్చింది, రేపటి నుంచే మొదలుపెడతా. కానీ పీరియడ్ విషయంలో నేను మారలేదు. సీసాలు తెప్పించడానికి, కట్ట దాకా నడిపించి తీసుకురావడానికి నలభై నిమిషాలు సరిపోవు, అందుకే వారానికి రెండు పీరియడ్లు కలిపి, పరీక్ష లేకుండా ఇవ్వమంటాను. మార్కులు వద్దన్న అమ్మ మాట ఒప్పుకుంటున్నా.

మునుగోడు సైన్స్ సార్:
పరీక్ష లేని జంట పీరియడ్ అయితే నేనూ మీ వైపే మేడమ్. వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌లో ఇద్దరి పేర్లతో రాసి ఇద్దాం. ఈలోపు మీ పిల్లల చేత బోరు నీళ్లు పట్టించి ఉంచండి, సీసాల మీద చేను పేరు, తేదీ రాయించండి. నా కిట్‌లో ఇంకో ఇరవై పరీక్షలకు సరిపడా మందు ఉంది, ఆదివారం తీసుకొస్తా.