అప్‌డేట్: పాపకు ఫ్లోరైడ్ వార్నిష్ వేయించాం

అనంతపురం బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కదా, మళ్లీ పాప పళ్లకు ఫ్లోరైడ్ వార్నిష్ (పళ్లు పుచ్చకుండా పూసే మందు) ఎందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. వేయించేశాం.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. పళ్లు తయారయ్యే వయసులో నీళ్లతో రోజూ కడుపులోకి పోయే ఫ్లోరైడ్‌తోనే పళ్ల మీద ఫ్లోరోసిస్ మచ్చలు వస్తాయట. వార్నిష్ పంటి పైపొర మీద పనిచేస్తుంది. అందులో 5 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉన్నా, పూసేది చాలా కొంచెం, ఉమ్మి తగలగానే గట్టిపడుతుంది. నా టెన్షన్ అక్కడే సగం తగ్గింది.

నిమిషాల్లో పూసేశారు, పాప ఏడవలేదు. పళ్లు పసుపుగా కనిపిస్తే మా అత్తమ్మ కంగారుపడింది గానీ మర్నాడు బ్రష్ చేస్తే పోయింది. ఆ రోజు వేడివి, గట్టివి వద్దంటే పెరుగన్నం పెట్టాం. ఆర్నెల్లకు మళ్లీ వేయించాలి.

మన జిల్లావాళ్లు తాగే నీళ్లు తప్పకుండా పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లలకు ఆ నీళ్లు ఇవ్వకండి.