చిన్న ఊళ్ళలో స్పీడ్ టికెట్లు: భద్రత కోసమా, ఆదాయం కోసమా?

దూరప్రయాణం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము టెక్సస్‌లో ఉంటున్నాము. ఇటీవల కుటుంబంతో కలిసి రాష్ట్ర రహదారి మీద వెళుతుండగా, 75 మైళ్ళ వేగపరిమితి ఉన్న దారి ఒక చిన్న ఊరి పొలిమేరలో 55కు, మలుపు తిరగగానే 40కి తగ్గింది. ఆ 40 బోర్డులో సగం ఒక పెకన్ చెట్టు కొమ్మల చాటున ఉంది. దానికి కొద్ది గజాల అవతల, మూతపడిన గ్యాస్ స్టేషన్ ఆవరణలో పోలీసు కారు రోడ్డుకు ఎదురుగా నిలిచి ఉంది. నా వేగం 54 అని రాడార్ చూపింది, ఆ అంకెతో నాకు పేచీ లేదు. ఆఫీసరు కూడా మర్యాదగానే మాట్లాడారు. అయితే వారు నాకు కాగితం ఇచ్చి వెళ్ళిన మరుక్షణమే, వేరే రాష్ట్రం నంబరు ప్లేటు ఉన్న మరో కారును అదే చోట ఆపడం చూశాక మనసులో సందేహం మొదలైంది. ఈ డబ్బు ఎవరికి చేరుతుంది? ఒక ఊరు ఇలా ఎంతయినా వసూలు చేసుకోవచ్చా? నేను జరిమానా కట్టేయాలా, కోర్టులో వాదించాలా? మా గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తున్నందున చివరి ప్రశ్న మరింత కలవరపెడుతోంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

బడ్జెట్ చదువరి

మీ సందేహం సహేతుకమైనదే. నగరపాలక సంస్థల లెక్కలు చదవడం నా వృత్తిలో భాగం కనుక, డబ్బు సంగతి కొంచెం వివరంగా చెబుతాను.

టెక్సస్‌లో 5,000 కంటే తక్కువ జనాభా ఉన్న ఊరు ట్రాఫిక్ జరిమానాల నుంచి తన వద్ద ఉంచుకోగలిగిన మొత్తానికి చట్టం హద్దు పెట్టింది. కేంద్ర నిధులనూ బాండ్ల సొమ్మునూ మినహాయించి, అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో ఆ ఊరికి వచ్చిన మొత్తం ఆదాయంలో 30 శాతానికి సమానమైన సొమ్ము వరకే దానిది. ఆపైన వసూలైనది దాదాపు అంతా రాష్ట్ర ఖజానాకు పోతుంది. అధికారులకు టికెట్ల కోటా పెట్టడాన్ని కూడా టెక్సస్ చట్టం నిషేధిస్తుంది. అయినా 30 శాతం చిన్న మొత్తమేమీ కాదు. దుకాణాలు మూతపడి, అమ్మకపు పన్ను అంతంతమాత్రంగా వచ్చే ఊరికి, ఆ ఊళ్ళో ఓటు లేని బాటసారి జేబు కంటే సులువైన ఆదాయమార్గం మరొకటి ఉండదు. మసాచుసెట్స్ టికెట్లను పరిశీలించి 2009లో ఆర్థికవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో తేలిందీ ఇదే: పై ఊరి డ్రైవర్లకు జరిమానా పడే అవకాశం ఎక్కువ, ఆస్తిపన్ను పెంపునకు స్థానిక ఓటర్లు ఒప్పుకోని ఊళ్ళలో అది ఇంకా ఎక్కువ.

ఇది ఎంత దూరం పోగలదో ఫ్లోరిడాలోని హాంప్టన్ చూపింది. ఐదువందల లోపు జనాభా ఉన్న ఆ ఊరు యూ.ఎస్. 301 రహదారి వెంట 1,260 అడుగుల ముక్కను తన హద్దుల్లో కలుపుకొని అక్కడ టికెట్లు రాసింది. చివరకు 2014లో రాష్ట్ర శాసనసభ ఆ ఊరినే రద్దు చేసేంత పని చేసింది. అదే రహదారి మీద ఉన్న వాల్డోలో, తమకు టికెట్ల కోటా పెట్టారని సొంత పోలీసులే నగర మండలికి చెప్పడంతో, అదే ఏడాది అక్కడి పోలీసు శాఖను ఎత్తివేశారు.

మిస్సోరీలో మాక్స్ క్రీక్ అనే గ్రామం పేరుతోనే 1995లో చట్టం వచ్చింది. ఊరి ఆదాయంలో ట్రాఫిక్ జరిమానాల వాటాకు మొదట 45 శాతంగా ఉన్న పరిమితిని క్రమంగా తగ్గిస్తూ 2015లో 20 శాతానికి తెచ్చారు. ఆ చివరి తగ్గింపునకు అదే రాష్ట్రంలోని ఫెర్గూసన్ నగరం కారణం. అక్కడ జరిమానాల పెంపు నగర యంత్రాంగానికే లక్ష్యంగా మారిందనీ, ఆ భారం ఎక్కువగా నల్లజాతి పౌరుల మీద పడిందనీ అమెరికా న్యాయశాఖ 2015 మార్చి నివేదికలో రాసింది. నా దృష్టిలో శాతాలు తగ్గించడం సగం చికిత్స మాత్రమే. నార్త్ కరోలినా రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర చట్టాల ఉల్లంఘనపై పడే జరిమానాల నికర సొమ్ము ప్రభుత్వ పాఠశాలలకు వెళుతుంది. టికెట్ రాసే శాఖకూ, దాన్ని పోషించే నగరానికీ ఆ డబ్బు చేరకపోతే, రోడ్డు మీద ఎవరిని ఎందుకు ఆపుతున్నారన్న అనుమానానికి చోటే తగ్గుతుంది.

రహదారి పక్క ఇల్లు

పై సమాధానంలోని వివరాలను నేను కాదనను. కానీ అలాంటి ఒక ఊళ్ళో ఉంటున్న మనిషిగా మరో మాట చెప్పాలి. మా పిల్లల బడికీ, పోస్టాఫీసుకూ మధ్య నుంచే రాష్ట్ర రహదారి వెళుతుంది. రహదారి భద్రతపై పరిశోధించే ఏ.ఏ.ఏ. ఫౌండేషన్ అంచనా ప్రకారం కారు 23 మైళ్ళ వేగంతో తగిలితే పాదచారి మరణించే ప్రమాదం సగటున 10 శాతం ఉంటే, 42 మైళ్ళ వేగంతో తగిలినప్పుడు అది 50 శాతానికి చేరుతుంది. 75 మీద గంటసేపు నడిపి వచ్చినవారికి 50 కూడా నెమ్మదిగానే అనిపిస్తుంది. నిజంగా భద్రతే కావాలనుకునే ఊరు బోర్డును ముందుగా, స్పష్టంగా, మెరిసే దీపంతో పెడుతుంది, పోలీసు కారును కూడా కనబడేలా నిలుపుతుంది. మీరు చెప్పిన చెట్టుకొమ్మ మాత్రం నాకూ నచ్చలేదు.

కోర్టు గుమాస్తా (విశ్రాంత)

చేయవలసిన పని గురించి మాత్రమే రాస్తాను. ముందుగా, తొందరపడి డబ్బు పంపకండి. టెక్సస్‌లో టపా ద్వారా జరిమానా కట్టడమంటే, నేరాన్ని వాదించకుండా ఒప్పుకున్నట్టే లెక్క, అది శిక్షగా నమోదవుతుంది, ఇన్సూరెన్సు మీదా ప్రభావం పడవచ్చు.

మీరు పరిమితిని దాటినది 25 మైళ్ళ లోపే కనుక, టెక్సస్ లైసెన్సూ ఇన్సూరెన్సూ ఉండి, గత 12 నెలల్లో ఇదే ప్రయోజనం వాడుకోకపోతే, డ్రైవింగ్ సేఫ్టీ కోర్సు కోరవచ్చు. టికెట్ మీద ఉన్న హాజరు తేదీ లోపలే కోర్టును అడగాలి. కోర్సుకు 90 రోజుల గడువు ఇస్తారు, పూర్తిచేసి ధ్రువపత్రాలు సమర్పిస్తే కేసు కొట్టివేస్తారు. కోర్టు రుసుము మాత్రం తప్పదు.

వాదించదలచుకుంటే మీకు బలమైన ఆధారం ఆ బోర్డే. సరైన స్థానంలో లేని, మామూలు శ్రద్ధతో చూసేవారికి స్పష్టంగా కనిపించని ట్రాఫిక్ గుర్తు ఆధారంగా శిక్షించకూడదని రాష్ట్ర రవాణా చట్టంలోనే ఉంది. కొమ్మలు నరకకముందే, డ్రైవరు కూర్చునే ఎత్తు నుంచి, వేర్వేరు దూరాల్లో తేదీతో సహా ఫోటోలు తీయించండి. జ్యూరీ కోరే హక్కు కూడా మీకుంది. ఊరి జడ్జి ఊరి పక్షమే ఉంటారన్న భయం చాలామందికి ఉంటుంది. ఊరి ఆదాయానికి బాధ్యుడైన మేయరే తీర్పరిగా కూర్చోవడం చెల్లదని సుప్రీంకోర్టు 1972లో ఒహాయోలోని మన్రోవిల్ కేసులో చెప్పింది. టెక్సస్ మునిసిపల్ కోర్టు విచారణను రికార్డు చేసే కోర్టు కాకపోతే, మీ అప్పీలు మీద కౌంటీ కోర్టు మొదటి నుంచి కొత్తగా విచారిస్తుంది.

గ్రీన్ కార్డు విషయంలో, మద్యం గానీ అరెస్టు గానీ లేని మామూలు స్పీడ్ టికెట్ దానంతటదే దరఖాస్తును చెడగొట్టదు. ఫారంలో అడిగినచోట దాచకుండా రాసి, కేసు ముగిశాక కోర్టు ఇచ్చే ధ్రువీకృత నకలును మీ దగ్గర భద్రపరచుకోండి. అసలు ప్రమాదం టికెట్‌ను పట్టించుకోకుండా వదిలేయడంలో ఉంది: వారంటు జారీ కావచ్చు, లైసెన్సు పునరుద్ధరణ ఆగవచ్చు. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా హాజరు తేదీ లోపల కోర్టుకు రాతపూర్వకంగా తెలపండి, రశీదు వచ్చేలా సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి.