"జన్యు నియంత్రణ"లో నియంత్రణ సరైన మాటేనా?

ప్రశ్న: హబ్సిగూడలో మా కాలనీ గ్రంథాలయంలో ఆదివారాలు పిల్లలకు తెలుగులో సైన్సు చెబుతున్నాం. ఈసారి పాఠం కంటి నుంచి మెదడుకు నరాలు ఎలా చేరతాయన్నది. "జన్యు నియంత్రణ వల్ల నరాలు దారి తెలుసుకుంటాయి" అని బోర్డు మీద రాస్తే, ఎనిమిదో తరగతి పిల్ల "జన్యువుల్ని ఎందుకు కంట్రోల్ చెయ్యాలి, అవి చెడ్డవా?" అని అడిగింది. ఇంతకంటే మంచి మాట ఉందా?

జవాబు: ఆ పిల్ల ప్రశ్న సబబైనదే మేడమ్. పేపర్లో మనం రోజూ చూసే నియంత్రణ ఏది? కాలుష్య నియంత్రణ, జనాభా నియంత్రణ, షుగర్ నియంత్రణ. అంతటా హద్దు మీరినదాన్ని అణచడమే. జన్యువుల దగ్గర జరిగేది అదొక్కటే కాదు.

మీ పాఠాన్నే చూడండి. ఒక్కో కంటి రెటీనా నుంచి దాదాపు పది లక్షల నరపు పోగులు బయల్దేరి మెదడు అడుగున ఒక కూడలికి చేరతాయి. మనుషుల్లో ముక్కు వైపు సగం నుంచి వచ్చినవి అవతలి పక్కకు దాటుతాయి. కణత వైపువి దాటకుండా తమ పక్కనే సాగుతాయి. రెండు కళ్లకూ కనిపించే ఒకే దృశ్యం మెదడులో ఒకచోట కలవడానికి ఈ ఏర్పాటు కావాలి.

ఏ పోగు దాటాలో, ఏది దాటకూడదో ఎలా తేలుతుంది? చిట్టెలుకల్లో దీన్ని చాలా వివరంగా చూశారు. రెటీనా కణాలన్నిటిలోనూ ఉన్నవి అవే జన్యువులు. కానీ కింది భాగంలో కణత వైపున్న కొద్దిపాటి కణాల్లో మాత్రమే జిక్2 అనే జన్యువు పనిచేస్తుంది. దాని ప్రోటీన్ వల్ల ఎఫ్‌బీ1 అనే మరో జన్యువు మేల్కొంటుంది. దాంతో పోగు కొన మీద ఒక గ్రాహకం, అంటే బయటి సంకేతాన్ని పట్టుకునే ప్రోటీన్, తయారవుతుంది. కూడలి నడిమి గీత దగ్గర ఎఫ్రిన్-బీ2 అనే ప్రోటీన్ కాచుకుని ఉంటుంది. అది తగలగానే గ్రాహకం ఉన్న పోగు వెనక్కి మళ్లుతుంది, లేనిది దాటిపోతుంది. జిక్2, ఎఫ్‌బీ1 రెండూ ఈ పనిలో ఉన్నాయని 2003లో బయటపడింది. ఆ తర్వాత, దాటాల్సిన కణాల్లో జిక్2ను పనిచేయిస్తే వాటి పోగులు చాలా దాటకుండా ఉండిపోయాయి! పోగులు కూడలి దాకా పెరిగే కాలంలోనే దాని పని, తర్వాత అది తగ్గిపోతుంది.

ఒకచోట మొదలవడం, పక్కనే మొదలవకపోవడం, పని కాగానే ఆగడం, ఇవన్నీ కలిపి "అదుపు" అంటే పిల్లలకు సగమే అందుతుంది. నాకు "పలకడం" నచ్చుతుంది. తీగ పలుకుతుంది, పిలిస్తే మనిషి పలుకుతాడు. "జిక్2 ఈ కణంలో పలికింది, ఆ కణంలో పలకలేదు" అంటే ఎనిమిదో తరగతికి చాలు. నియంత్రణను శీర్షికలో ఉంచండి, పై తరగతుల్లో ఎలాగూ ఎదురవుతుంది.

మరొకరు: పలకడం బాగుందండీ, కానీ పలికించేది ఏదన్నది అందులో రాదు. "జన్యువులను పలికించే తీరు" అంటే ఇంకా దగ్గరగా ఉంటుంది. ఇంకో మాట. ఆల్బినిజం, అంటే పుట్టుకతోనే ఒంటికి రంగు తక్కువగా ఉండే స్థితి, ఉన్నవారిలో మామూలు కంటే ఎక్కువ పోగులు అవతలికి దాటేస్తాయి. ఒంటి రంగుకు సంబంధించిన జన్యువుల్లో లోపం కంటి నరాల దారిని కూడా మారుస్తోంది. పిల్లలకు ఇది తప్పక చెప్పండి, అలాంటి తోటి పిల్లల చూపు కష్టం అర్థమవుతుంది.

ప్రశ్న అడిగినవారు: "పలికించే తీరు" తీసుకుంటున్నాను, ఇద్దరికీ థాంక్స్. కూడలి అన్నారు కదా, మా పిల్లలకు చౌరస్తా అంటేనే తెలుస్తుంది. వాడొచ్చా?

జవాబు: హాయిగా వాడండి. బొమ్మ వేసేటప్పుడు మాత్రం పోగులు అక్కడ అతుక్కోవని, ఒకదాని పక్కనుంచి ఒకటి వెళ్లిపోతాయని చూపించండి. చాలా పటాల్లో అది ముడి వేసినట్టు ఉంటుంది.