మా వాగులోకి మార్పు చేపలను మళ్లీ తేవచ్చా?

గుండ్లకమ్మ ఒడ్డు రైతు:
మాది మద్దిపాడు దగ్గర పల్లె. గుండ్లకమ్మలో కలిసే వాగు మా పొలం పక్కనుంచే పోతుంది. నా చిన్నతనంలో కొత్తనీరు రాగానే మార్పు చేపలు వాగు వదిలి వరిమడుల్లోకి ఎక్కేవి. తడిగట్టు మీద రెక్కల ముళ్లను ఆనించి, ఒళ్లు మెలికలు తిప్పుతూ పాకేవి. మా నాయన గోనెసంచి కప్పి పట్టేవారు. పదేళ్లుగా ఒక్కటీ కనిపించలేదు. వల వేస్తే నిండా జిలేబీ చేపలే.

రెండు నెలల కిందట ఒక ఏజెంటు దగ్గర దేశవాళీ మార్పు పిల్లలంటే మూడు వందలు కొని సిమెంటు తొట్టిలో వేశాను. అప్పుడే జానెడు దాటాయి. కొన్నింటిని తల్లిచేపలుగా ఉంచుకుని, మిగతావి వానలు పడగానే వాగులో వదలాలని ఆశ. ఫోటో పెట్టాను, చూడండి.

నెల్లూరు హేచరీ పనివాడు:
అన్నా, ఒక్కటి కూడా వదలకండి. రెండు నెలలకే జానెడు దాటిందంటేనే నాకు అనుమానం వచ్చింది, మన మార్పు అంత త్వరగా ఎదగదు. తల వెనుక అంచు చూడండి. మనదానికి ఒకే వంపు ఉంటుంది. మీ ఫోటోలో ఎమ్ అక్షరంలా రెండు వంపులున్నాయి. అది ఆఫ్రికా క్యాట్‌ఫిష్ లాగే ఉంది. దాని పెంపకాన్ని 2000లోనే నిషేధించారు. వాగులో పడితే మిగిలిన మట్టగిడసలను, ఇంగిలాయిలను కూడా తినేస్తుంది. మత్స్యశాఖ వారికి చూపించి ఖాయం చేసుకోండి.

అసలు మార్పుతో పిల్లలు తీయించడమూ తేలిక కాదు. ఆడచేపకు హార్మోను సూది వేసి, మర్నాడు పొట్ట నొక్కి గుడ్లు తీస్తాం. మగచేపను నొక్కితే వీర్యం రాదు, పొట్ట కోసి తీయాల్సిందే. ఆ పని చేసిన ప్రతిసారీ నా మనసు చివుక్కుమనేది. అందుకే, మీ వాగులో నాలుగే మిగిలి ఉంటే వాటిని హేచరీకి తేవద్దంటాను. ఉన్నచోటే మడుగును కాపాడండి. గట్టు బొరియల్లో అవే గుడ్లు పెట్టుకుంటాయి, మగచేప కాపలా కాస్తుంది.

కంభం మాస్టారు:
కావేరిలో జరిగింది గుర్తుచేస్తాను. మహారాష్ట్ర హేచరీలో పెంచిన నీలిరెక్క మహసీర్ పిల్లలను 1970ల నుంచి అక్కడ వదిలారు. మంచి ఉద్దేశంతోనే వదిలారు. అవి పెరిగిపోయి, కావేరికి సొంతమైన గూని మహసీర్ అంతరించే స్థితికి వచ్చింది. ఆ చేపకు సరైన శాస్త్రనామం ఏదో తేలింది 2018లో! ఏ నీటి చేపకు ఆ నీటి తల్లులే కావాలి, అవీ ఒక జత కాదు, ఎన్నో జతలు. లేకపోతే వాగంతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే అవుతారు.

గుండ్లకమ్మ ఒడ్డు రైతు:
ఈ ఉదయం నాలుగింటిని బయటకు తీసి చూశాను. నాలుగింటికీ రెండు వంపులే. పాకి పోకుండా తొట్టి మీద వల బిగించాను, రేపు మత్స్యశాఖ కార్యాలయానికి రెండు తీసుకెళ్తాను. వాగు ఎగువన తాటిచెట్ల కింద ఒక మడుగు ఎండాకాలంలోనూ ఇంకదు. అందులో మార్పు ఉందో లేదో చూడాలంటే గాలం వేయాలా, మావు (చేపలు చిక్కే బుట్ట) పెట్టాలా?

నెల్లూరు హేచరీ పనివాడు:
మావే పెట్టండి, గాలం మింగితే బతకదు. మావు పైభాగం జానెడైనా నీటిపైన ఉండాలి. మార్పు పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, మావు పూర్తిగా మునిగితే తెల్లారేసరికి చేప చచ్చిపోవచ్చు.